ఆరేళ్ళు గట్టున పడుకున్న పడవ

సికింద్రాబాదు,
జూన్, ఆదివారం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. ఊరి చివర రేకుల షెడ్డులో ట్రెయిలరు మీద ఆరేళ్ళుగా పడి ఉన్న ఇరవై రెండు అడుగుల తెరచాప పడవను కొన్నావని మీ అమ్మ చెబితే మొదట నవ్వాను. ఆ రాత్రి మాత్రం సరిగ్గా నిద్ర పట్టలేదు. "ఆరేళ్ళుగా ఎవరూ వాడలేదు మామయ్యా, కొత్తదానిలాగే ఉంది" అని రాశావు చూడు, నన్ను భయపెట్టింది ఆ మాటే. వాడిన పడవ ఎక్కడ అరిగిందో కంటికి కనిపిస్తుంది. వాడకుండా ఉంచిన పడవలో పాడయ్యేవి రబ్బరు, దారం, తీగ. చెడిపోయినా అవి చూడటానికి బాగానే ఉంటాయి.

నీ ఫొటోల్లో సగం రంగు వెలిసిన చోట్లే. రంగు చివరి పని. పైన పటారం లోన లొటారం అన్నట్టు చేయకు. ఫైబర్ ఒళ్ళు అంత తొందరగా పోదు. ట్రెయిలరు రోలర్లు ఆనిన చోట లోపలికి నొక్కుకుపోయిందేమో మాత్రం చూడు.

మాస్టును, అంటే తెరచాప కట్టే స్తంభాన్ని, నిలబెట్టే ఉక్కు తీగలతో మొదలుపెట్టు. మాస్టు నేల మీద పడుకుని ఉన్నప్పుడే ఈ పని సులువు. పాత నూలు పంచె ముక్కతో తీగను చుట్టి పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా లాగు. బట్ట ఎక్కడైనా చిక్కుకుని పోగు లేచిందంటే అక్కడ తీగలో ఒక పోచ తెగిందన్నమాట. ఒట్టి చేత్తో చూడకు. నా ఎడమ అరచేతిలో ఉన్న మచ్చను చిన్నప్పుడు చేప కొరికిందని నీకు చెప్పేవాణ్ణి, అది ఇదే. పంతొమ్మిది పోచల్లో ఒక్కటి తెగినా ఆ తీగ మొత్తం మార్చాల్సిందే. ఆ తర్వాత తీగ కింది చివర ఉక్కు గొట్టంలోకి దూరే చోటు చూడు. వాన నీరు తీగ వెంట దిగి అక్కడే చేరుతుంది. తుప్పు మరక తుడిచి, భూతద్దం పెట్టి, గొట్టం మీద వెంట్రుక లాంటి చీలిక ఉందేమో వెతుకు. అసలు పదేళ్ళు దాటిన తీగలైతే నేను పరీక్షించను, మార్చేస్తాను. నీ పడవ వయసు పన్నెండేళ్ళని కాగితాల్లో ఉంది కదా. ఇక నువ్వే ఆలోచించుకో.

కొత్త తీగకూ బోల్టులకూ ఎలాగూ రాణిగంజ్ వెళతావు. స్టెయిన్‌లెస్ అంటే ప్రతి కొట్టులోనూ ఇస్తారు. 316 రకమే కావాలని అడిగి, బిల్లు మీద రాయించుకో. 304 రకం హుస్సేన్ సాగర్‌కు చాలు, తర్వాత నువ్వు పడవను తీసుకెళ్ళాలనుకుంటున్న విశాఖ ఉప్పు గాలికి చాలదు. 316లో మాలిబ్డినం కలుస్తుంది, ఉప్పును తట్టుకునే బలం దానిదే. కొట్టువాడు అయస్కాంతం పెట్టి "చూడండి సార్, అంటుకోలేదు" అంటాడు. రెండింటిలో ఏదీ పెద్దగా అంటుకోదు కాబట్టి ఆ పరీక్షతో తేలేది లేదు. గొట్టాలకు బిగించే క్లిప్పుల దగ్గర మాత్రం అదే అయస్కాంతం పనికొస్తుంది. పట్టీ స్టెయిన్‌లెస్‌ది ఇచ్చి స్క్రూ మామూలు ఇనుముది పెడుతుంటారు. స్క్రూకు అంటుకుంటే తీసుకోకు.

తెరచాపలను డాబా మీద పరిచి, గుడ్డ కన్నా ముందు కుట్టు చూడు. ఎండకు మొదట పోయేది దారమే. కుట్టు కిందికి సూది మొన దూర్చి పైకి లాగు. దారం పుటుక్కున తెగితే ఆ వరస మొత్తం మళ్ళీ కుట్టించాలి. షామియానాలు కుట్టేవాళ్ళకు ఇస్తే తిన్నని కుట్టు వేసేస్తారు. గాలికి గుడ్డ సాగినప్పుడు ఆ కుట్టు తెగుతుంది. వంకర టింకరగా పోయే జిగ్‌జాగ్ కుట్టు, పాలియెస్టర్ దారం అని గట్టిగా చెప్పు. మడతల్లో ఎలుకలు కాపురం పెట్టి ఉంటే నన్ను తిట్టుకోకు.

ఇక పడవ అడుగున నీటి గొట్టాల కోసం పెట్టిన బెజ్జాలు. మునిగేది వాటి వల్లే. ప్రతి బెజ్జానికీ ఉన్న ఇత్తడి కుళాయిని చాకు మొనతో కాస్త గీకు. పసుపు రంగు తేలితే మంచిది. గులాబీ రంగు తేలితే అందులోని జింకు కరిగిపోయి గుల్ల మిగిలిందని అర్థం. ఒక్క దెబ్బకు విరుగుతుంది. రబ్బరు గొట్టాన్ని వంచి చూడు, వంపులో పగుళ్ళు కనిపిస్తే పారెయ్. ఒక్కో చివరకు రెండేసి క్లిప్పులు బిగించు. ప్రతి కుళాయి పక్కనా దానికి సరిపోయే మెత్తని చెక్క బిరడా తాడుతో కట్టి ఉంచు.

బిరడా అంటే గుర్తొచ్చింది. ఒకసారి ఒక స్నేహితుడి పడవను ఐదేళ్ళ తర్వాత నేనే దగ్గరుండి హుస్సేన్ సాగర్‌లోకి దింపాను. తీగలు, తాళ్ళు, చుక్కాని అన్నీ రెండేసి సార్లు చూశాను. కాసేపటికి కాళ్ళ కింద చల్లగా తగిలింది. వెనక అడుగున వాన నీరు పోవడానికి తీసిన బిరడా నా చొక్కా జేబులోనే ఉంది! ముక్కు మూసుకుని ఆ నీళ్ళలో చెయ్యి పెట్టి బిగించాను. మీ అత్తయ్య ఆ చొక్కాను ఉతకలేదు, పారేసింది.

ఇంజను దగ్గర ఎక్కువ ఆలోచించాల్సింది లేదు. ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలు తీసెయ్. పెట్రోల్లోని ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుని కొన్నాళ్ళకు నీటితో కలిసి అడుక్కి దిగుతుంది. కార్బ్యురేటరు విప్పి కడిగించు. చల్లబరిచే నీటిని తోడే పంపులో ఒక రబ్బరు చక్రం ఉంటుంది. ఆరేళ్ళు ఒకే వంపులో ఉండి దాని రెక్కలు అలాగే బిగుసుకుపోతాయి. చూడనక్కర్లేదు, కొత్తది వెయ్యి. నీళ్ళు బయటికి చిమ్మే సన్నని రంధ్రంలో కందిరీగ మట్టి గూడు కట్టి ఉంటుంది, తీగతో పొడిచి తీసెయ్. గేరు ఆయిలు పాలలా తెల్లగా ఉంటే సీలు పోయినట్టే. బ్యాటరీ గురించి ఆశ పెట్టుకోకు.

ఉబ్బే లైఫ్ జాకెట్లను నోటితో ఊది రాత్రంతా వదిలెయ్, తెల్లారేసరికి మెత్తబడకూడదు. లోపలి గ్యాసు సిలిండరు మీద దాని బరువు చెక్కి ఉంటుంది. మీ అమ్మ వంటింటి త్రాసు మీద తూచి సరిపోల్చు. చెరువే కదా అని జాకెట్ విప్పి పక్కన పెట్టకు. ఆ చెరువులోనే 1990లో రాతి బుద్ధుణ్ణి తీసుకెళుతున్న బార్జి మునిగి ప్రాణాలు పోయాయి. విగ్రహాన్ని పైకి తీసేసరికి 1992 డిసెంబరు వచ్చింది.

జూలైలో సాగర్ మీద పడమటి గాలి బాగుంటుంది, పోటీలు కూడా అప్పుడే జరుగుతాయి. క్లబ్బు వాళ్ళ అనుమతి తీసుకుని అక్కడే నెలా రెండు నెలలు తిప్పు. విశాఖ తొందర వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపానుల కాలం. జనవరిలో తీసుకెళ్ళి మొదట భీమిలి దాకా వెళ్ళి రా. ఆ దారి చాలు మొదటి ఏడాదికి. ట్రెయిలరు టైర్లు కూడా ఆరేళ్ళవే, ఆ ఆరు వందల కిలోమీటర్లు వాటి మీద వెళ్ళకు.

వచ్చే ఆదివారం ఉదయం ఆరింటికి షెడ్డు దగ్గరికి వస్తాను. మాస్టు ఎత్తడానికి నలుగురు కావాలి, నన్ను లెక్కలో వేసుకోకు. ఎత్తే చోట పైన కరెంటు తీగలు లేకుండా చూసుకో, అల్యూమినియం మాస్టు అది. ఆ అడుగు బిరడా ఎక్కడుందో ఇప్పుడే వెతికి, స్టీరింగు చక్రానికి కట్టి ఉంచు. కారుది, పడవది కాదు.

ఇట్లు,
మీ మామయ్య