ఆ పేజీ ఇంటర్నెట్‌లో లేదు, మీ ఇంట్లోనే ఉంది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం మీద ఉన్నాయి. రౌటర్ సెట్టింగ్స్ పేజీలోకి వెళ్లడం ఎలా అని. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు తీసుకుంటున్నాను. అది అర్థమైతే మిగతా వాటిలో సగం వాటంతటవే తేలిపోతాయి.

ప్రశ్న: మేడమ్, నమస్తే. నేను రిటైరైన లెక్కల టీచర్ని. వైఫై పాస్‌వర్డ్ మార్చాలంటే బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టమని మా అబ్బాయి ఫోన్లో చెప్పాడు. కొడితే ఆ నంబరు గురించి చెప్పే వెబ్‌సైట్లు బోలెడు వచ్చాయి. ఒకదాంట్లో లాగిన్ అనే బటన్ కూడా ఉంది. నొక్కాలో వద్దో తెలియక ఆగిపోయాను. ఈలోగా ఇంటర్నెట్ పోయింది. ఇక కుదరదని వదిలేశాను. అసలు ఆ పేజీ ఎక్కడ ఉంటుంది?

జవాబు: మాస్టారూ, ఆ బటన్ నొక్కకుండా ఆగారు చూడండి, మంచి పని చేశారు. ఆ సైట్లకీ మీ రౌటర్‌కీ ఏ సంబంధమూ లేదు. ఈ నంబరు కోసం వెతికేవాళ్లు చాలామంది కాబట్టి, వాళ్లకి ప్రకటనలు చూపించడానికి పెట్టినవి వాటిలో చాలానే ఉంటాయి. అక్కడ పాస్‌వర్డ్ టైప్ చేయడమంటే ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతిలో పెట్టడమే.

ఆ పేజీ ఎక్కడ ఉంటుందని అడిగారు. ఇన్నేళ్లలో ఈ శీర్షికకి ఈ ప్రశ్న వేసినవాళ్లు చాలా తక్కువ. అందరూ ఎలా వెళ్లాలనే అడుగుతారు. ఆ పేజీ మీ ఇంట్లో లైట్లు మిణుకుమిణుకుమంటున్న ఆ డబ్బా లోపలే ఉంటుంది. రౌటర్ కూడా ఒక చిన్న కంప్యూటరే. దానికి స్క్రీనూ కీబోర్డూ ఉండవు. అందుకని తన సెట్టింగ్స్‌ని ఒక వెబ్ పేజీగా తయారుచేసి మీ ఫోన్లోనో కంప్యూటర్లోనో చూపిస్తుంది. ఆ పేజీ బయటినుంచి రావాల్సిన పని లేదు. కాబట్టి ఇంటర్నెట్ పోయినా అది తెరుచుకుంటుంది. మీరు కుదరదని వదిలేసిన రోజు కూడా వచ్చేదే. అసలు కనెక్షన్ ఎందుకు పోయిందో చూడాలన్నా అక్కడికే వెళ్లాలి.

మరి ఆ నంబరేమిటి? ఇంటి లోపల మీ రౌటర్‌కున్న అడ్రస్ అది. మీరు లెక్కల మాస్టారు కాబట్టి ఇది మీకు నచ్చుతుంది. ఈ రకం అడ్రస్‌లో చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలుంటాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకూ ఉండొచ్చు. అందులో 192.168తో మొదలయ్యేవి 256ని 256తో గుణిస్తే ఎన్నో అన్ని, అంటే 65,536. వీటినీ, 10తో మొదలయ్యేవాటినీ, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవాటినీ ఇళ్ల లోపలా ఆఫీసుల లోపలా వాడుకోవడానికే వదిలేయాలని 1996 నాటి ఇంటర్నెట్ ప్రమాణం చెబుతుంది. ఇవి బయటి ఇంటర్నెట్‌లో చెల్లవు. 'వంటింట్లో ఉంది' అంటే మన ఇంట్లో మన వంటిల్లే అవుతుంది కానీ పక్కింటి వంటిల్లు కాదు కదా. 192.168.1.1 కూడా అలాంటిదే. లోకంలో లెక్కలేనన్ని ఇళ్లలో అదే నంబరు ఉంది. ఎవరింట్లో వాళ్ల రౌటర్ అది.

అందువల్లే మీ అబ్బాయి చెప్పిన నంబరు తన ఇంట్లో సరైనదే అయినా మీ ఇంట్లో కాకపోవచ్చు. కొన్ని రౌటర్లకి 192.168.0.1, కొన్నిటికి 10.0.0.1, ఇంకొన్నిటికి వేరేవి. ఎవరినో అడిగి గుర్తుపెట్టుకునేకంటే మీ ఫోన్నే అడగండి. వైఫైకి కలిసి ఉన్న ప్రతి ఫోన్‌కీ రౌటర్ అడ్రస్ తెలిసే ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, వైఫైలో మీ నెట్‌వర్క్ పేరు పక్కనున్న గేర్ గుర్తు నొక్కి కిందికి జరిపితే 'గేట్‌వే' అని కనిపిస్తుంది. ఐఫోన్‌లో పేరు పక్కనున్న 'ఐ' అక్షరం గుర్తు నొక్కితే 'రౌటర్' అనే వరుస ఉంటుంది. విండోస్ కంప్యూటర్ అయితే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టి ఎంటర్ నొక్కితే 'డిఫాల్ట్ గేట్‌వే' ఎదురుగా వస్తుంది. ఆ నంబరే మీకు కావలసింది. కంప్యూటర్‌కున్న సొంత అడ్రస్ 169.254తో మొదలైతే మాత్రం దానికి రౌటర్ నుంచి అడ్రస్ అందలేదని అర్థం. వైఫై ఒకసారి తీసేసి మళ్లీ కలపండి.

నంబరు తెలిశాక కూడా వెతుకులాట పేజీలే వస్తున్నాయంటే టైప్ చేయడంలోనే ఏదో జరిగింది. చుక్కకి బదులు కామా పడినా, ఒకటి అంకెకి బదులు ఇంగ్లీషు 'ఎల్' పడినా, సున్నాకి బదులు 'ఓ' పడినా బ్రౌజర్ దాన్ని అడ్రస్‌గా గుర్తించదు. వెతకమన్నారనుకుంటుంది. నంబరుకి ముందు హెచ్‌టీటీపీ, కోలన్, రెండు స్లాష్‌లు పెట్టి కొట్టండి. అప్పుడు అది అడ్రస్సేనని దానికి సందేహం ఉండదు.

ఇంకొక్క మాట. ఇంటర్నెట్ లేని వైఫైని ఫోన్ ఎక్కువసేపు నమ్ముకోదు. మనకి చెప్పకుండానే మొబైల్ డేటాకి మారిపోతుంది. అప్పుడు మీరు కొట్టిన నంబరు రౌటర్ దగ్గరికి వెళ్లదు. ఆ పది నిమిషాలూ మొబైల్ డేటా ఆపేయండి. వీపీఎన్ ఉంటే అదీ ఆపండి. మా పిన్ని వాళ్లింట్లో ఒకసారి ఇవన్నీ చేసినా పేజీ రాలేదు. అరగంట కుస్తీ పట్టాక చూస్తే నా ఫోన్ వాళ్ల గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉంది. చుట్టాలకీ స్నేహితులకీ ఇచ్చే ఆ గెస్ట్ వైఫై నుంచి సెట్టింగ్స్ పేజీ కనపడకుండా ఉండటం తప్పు కాదు, కావాలని చేసిన ఏర్పాటే. పిన్ని ఫోన్లోంచి కొడితే వెంటనే వచ్చింది.

ప్రశ్న: అక్కా, మేం ఈమధ్యే అద్దె ఇల్లు మారాం. రౌటర్ ఇంట్లో ముందునుంచీ ఉన్నదే. లాగిన్ పేజీ వస్తోంది కానీ వైఫై పాస్‌వర్డ్ కొడితే తప్పు అంటోంది. నాలుగైదుసార్లు కొట్టాక ఆగమంది. వెనక చిన్న కన్నంలో ఉన్న రీసెట్ నొక్కేయనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ పిన్నీసు పక్కన పెట్టు. నువ్వు కొడుతున్నది వేరే తాళంచెవి. వైఫై పాస్‌వర్డ్ వీధి గేటు తాళంచెవి లాంటిది, ఇంటికొచ్చినవాళ్లకి ఇస్తాం. రౌటర్ పాస్‌వర్డ్ బీరువా తాళంచెవి. రెండూ ఒకటే అనుకోవడం వల్ల పడే ఇబ్బందే నాకొచ్చే ఉత్తరాల్లో ఎక్కువ. ఆగమంది కాబట్టి కొన్ని నిమిషాలు ఆగు. ఎవరో ఊహించి కొడుతున్నారేమోనని అది కాసేపు తలుపేసుకుంటుంది, అంతే.

ఆలోగా రౌటర్ని తిరగేసి చూడు. అడుగున స్టిక్కర్ ఉంటుంది. అక్షరాలు ఆవగింజల్లా ఉంటాయి. కళ్లు చికిలించి చదవొద్దు, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకో. మా ఇంటి స్టిక్కర్ మీద పెద్ద 'ఐ'కీ చిన్న 'ఎల్'కీ ఒక్క వెంట్రుకవాసి తేడా. అదే నన్ను మూడుసార్లు తిప్పింది. ఆ స్టిక్కర్ మీద రెండు పాస్‌వర్డ్‌లు ఉండొచ్చు. వైఫై పేరు కింద ఉన్నది గేటుది. యూజర్‌నేమ్ పక్కనో, అడ్రస్ నంబరు పక్కనో ఉన్నది నీక్కావలసింది. పాత రౌటర్లలో యూజర్‌నేమూ పాస్‌వర్డూ రెండూ 'అడ్మిన్' అనే ఉండేవి. 2016లో మిరాయ్ అనే మాల్వేర్, అంటే హాని చేసే ప్రోగ్రామ్, ఇలాంటి అరవైకి పైగా జంటల జాబితా పట్టుకుని కెమెరాల్లోకీ రౌటర్లలోకీ దూరింది. ఇప్పుడొచ్చే రౌటర్లలో చాలావాటికి డబ్బా డబ్బాకీ వేరే పాస్‌వర్డ్ ముద్రించి ఇస్తున్నారంటే ఇలాంటి అనుభవాలు నేర్పిందే. అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టి అమ్మకూడదని బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టమే ఉంది.

స్టిక్కర్ మీది పాస్‌వర్డ్ కూడా తప్పంటే, ముందున్నవాళ్లు మార్చేశారన్నమాట. అప్పుడు రీసెట్టే దారి. నిజానికి నీ విషయంలో పాస్‌వర్డ్ దొరికినా రీసెట్ చేయమనే చెబుతాను. వేరేవాళ్లు వాడిన రౌటర్‌లో వాళ్లు ఏమేం మార్చి ఉంచారో మనకి తెలియదు. కానీ చేసేముందు ఒక పని ఉంది. నేనది చేయక మూడు రోజులు బాధపడ్డాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

రీసెట్ నొక్కితే రౌటర్ తను నేర్చుకున్నదంతా మరిచిపోతుంది. వైఫై పేరే కాదు, ఇంటర్నెట్ కంపెనీకి అది చూపించే యూజర్‌నేమూ పాస్‌వర్డూ కూడా పోతాయి. పీపీపీఓఈ అనే పద్ధతిలో నడిచే కనెక్షన్లకి ఇవి లేకపోతే ఇంటర్నెట్ రాదు. నాకా సంగతి తెలియక ఒక శుక్రవారం రాత్రి నొక్కేశాను. లైట్లన్నీ వెలిగాయి, వైఫై వచ్చింది, ఇంటర్నెట్ మాత్రం లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే ఆ వివరాలు ఇవ్వడానికి సోమవారం దాకా పట్టింది. అప్పటిదాకా మా అమ్మాయి పరీక్షకి కావలసినవన్నీ నా ఫోన్ హాట్‌స్పాట్ మీద చదువుకుంది. కొన్ని కంపెనీల రౌటర్లు రీసెట్ తర్వాత వాటంతటవే సెట్టింగ్స్ తెచ్చుకుంటాయి. మీది ఏ రకమో ముందే అడుగు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబరు (కొన్ని కంపెనీలు తమ కనెక్షన్‌కి అడిగే నంబరు) అవసరమైతే అదీ, ఈ మూడూ కాగితం మీద రాసుకున్నాకే పిన్నీసు తీయి. రౌటర్ ఆన్‌లో ఉండగానే లోపలి బటన్‌ని పది సెకన్ల పైన నొక్కి పట్టుకోవాలి. లైట్లన్నీ ఒక్కసారి ఆరి మళ్లీ వెలిగితే అయిందని అర్థం. తర్వాత రెండు మూడు నిమిషాలు దాన్ని కదపొద్దు. స్విచ్ ఆపి వేయడం రీసెట్ కాదు, దానివల్ల ఏ సెట్టింగూ పోదు.

ప్రశ్న: మేడమ్, పేజీ తెరుస్తుంటే 'ఈ కనెక్షన్ సురక్షితం కాదు' అని హెచ్చరిక వస్తోంది. ఎవరైనా హ్యాక్ చేశారా?

జవాబు: లేదమ్మా. బయటి వెబ్‌సైట్లకి గుర్తింపు పత్రం ఇచ్చే సంస్థలు ఇంటి లోపలి నంబర్లకి ఇవ్వవు. అందుకని రౌటర్ తన పత్రాన్ని తానే రాసుకుంటుంది, లేదా పత్రం లేకుండానే పేజీ చూపిస్తుంది. బ్రౌజర్ ఆ మాటే చెబుతోంది. అడ్రస్ బార్‌లో ఉన్నది మీ గేట్‌వే నంబరే అయితే, మీరున్నది మీ సొంత వైఫైలోనే అయితే ముందుకెళ్లండి. ఇదే హెచ్చరిక బ్యాంకు సైట్‌లో వస్తే మాత్రం అక్కడే ఆగిపోవాలి.

ప్రశ్న: లోపలికి వెళ్లగలిగాను. అంతా గజిబిజిగా ఉంది. ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు?

జవాబు: మొదట మార్చాల్సింది వైఫై పాస్‌వర్డ్ కాదు, ఈ పేజీ పాస్‌వర్డ్. ఎందుకో చెబుతాను. మనం ఒక సైట్ పేరు టైప్ చేస్తే దాని అడ్రస్ ఏమిటో డీఎన్‌ఎస్ అనే సర్వర్ చెబుతుంది. ఎవరిని అడగాలో చాలా ఇళ్లలో రౌటరే నిర్ణయిస్తుంది. డీఎన్‌ఎస్ ఛేంజర్ అనే మాల్వేర్ నడిపినవాళ్లు ఆ ఒక్క సెట్టింగ్ మార్చి జనాన్ని తమకి కావలసిన చోటికి తిప్పారు. కంప్యూటర్లలోనే కాదు, పాస్‌వర్డ్ మార్చని రౌటర్లలోకీ వెళ్లి మార్చారు. వందకు పైగా దేశాల్లో సుమారు 40 లక్షల కంప్యూటర్లకి అది సోకింది. 2011 నవంబరులో ఎఫ్‌బీఐ ఆ ముఠాని పట్టుకున్నాక కూడా, బాధితుల ఇంటర్నెట్ ఒక్కసారిగా ఆగిపోకుండా బదులు సర్వర్లని 2012 జూలై 9 వరకూ నడపాల్సి వచ్చింది. లోపలికి వెళ్లగలిగినవాడు మన ఇంటిని ఎటైనా తిప్పగలడు. అందుకే ఈ తాళం గట్టిగా ఉండాలి.

తర్వాత 'రిమోట్ మేనేజ్‌మెంట్' ఆన్‌లో ఉంటే ఆపేయండి. అది ఉంటే ఈ పేజీ బయటివాళ్లకీ కనిపిస్తుంది. పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్ కూడా ఆపండి. అందులోని ఎనిమిది అంకెల పిన్‌ని 11,000 ప్రయత్నాల్లో కనిపెట్టొచ్చని 2011లోనే బయటపడింది. ఫర్మ్‌వేర్‌కి, అంటే రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్‌కి, అప్‌డేట్ ఉంటే కరెంటు పోదనుకున్న వేళ చూసి చేయండి. సెక్యూరిటీ దగ్గర వైఫైకి రక్షణ పద్ధతి ఎంచుకోమంటుంది. డబ్ల్యూపీఏ3 ఉంటే అది, పాత ఫోన్లు కలవకపోతే డబ్ల్యూపీఏ2. వ్యాన్, డీహెచ్‌సీపీ అని ఉన్న పేజీల జోలికి పోవద్దు. చూడాలనిపిస్తే ఫొటో తీసుకుని చూడండి.

కొత్త పాస్‌వర్డ్ ఎక్కడ పెట్టాలంటే, మేం ఇంటి ఖర్చుల పుస్తకం చివరి పేజీలో రాసుకున్నాం. నాకూ మా వారికీ తెలుసు. రౌటర్ మీద మాత్రం అంటించలేదు.

చివరగా వైఫై పాస్‌వర్డ్ మార్చి 'సేవ్' నొక్కగానే మీ ఫోన్ తెగిపోతుంది, పేజీ తెల్లగా నిలిచిపోతుంది. పాడుచేశామేమోనని చాలామంది అక్కడే హడలిపోయి స్విచ్ ఆపేస్తారు. ఆపొద్దు. ఫోన్ పాత పాస్‌వర్డ్‌తో వెళ్లింది కాబట్టి రౌటర్ రానివ్వలేదు. వైఫై జాబితాలో మీ నెట్‌వర్క్ పేరు మీద నొక్కి, 'ఫర్గెట్' అని, కొత్త పాస్‌వర్డ్‌తో కలపండి. తర్వాత టీవీ, ఇంట్లో మిగతావాళ్ల ఫోన్లు, ఒక్కొక్కటీ.