పాత రికార్డుల పెట్టె: టైర్ల దుకాణంలో అమ్మిన క్రిస్మస్ పాటలు

ప్రశ్న: మేము అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో ఉంటాం. పొరుగింటి పెద్దావిడ ఇల్లు ఖాళీ చేస్తూ ఒక పెట్టెడు ఎల్పీ రికార్డులు (ఒక్కోదాంట్లో చాలా పాటలు పట్టే పెద్ద గ్రామఫోను పళ్లేలు) మాకిచ్చారు. అన్నీ క్రిస్మస్ పాటలే. చాలా అట్టల మీద టైర్ల కంపెనీల పేర్లున్నాయి! ఒకటి మాత్రం తెల్ల అట్టలో ఉంది. ఏదో చిన్న చర్చి గాయకబృందం పాడినది. వీటికి విలువ ఉంటుందా? కంప్యూటర్లోకి ఎక్కించి అందరికీ వినిపించవచ్చా?
– ఒక పాఠకురాలు, ఆక్రన్

జవాబు: మీ ఊరి పేరు చూడగానే సంతోషమేసిందమ్మా. గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్ రెండూ పుట్టింది మీ ఆక్రన్‌లోనే. 1961లో గుడ్‌ఇయర్ వాళ్లు కొలంబియా అనే రికార్డుల సంస్థ చేత ఒక క్రిస్మస్ ఎల్పీ తయారు చేయించి, తమ టైర్ల దుకాణాల్లో డాలరుకు అమ్మారు. పాటల కోసం వచ్చినవాళ్లు టైర్లు కూడా చూసి వెళ్తారని ఆలోచన. మరుసటి ఏడాదే ఫైర్‌స్టోన్ పోటీకి దిగింది. దుకాణం సరుకు కదా అని తీసిపారేయకండి. ఫైర్‌స్టోన్ రికార్డులకు జూలీ ఆండ్రూస్ అంతటి గాయని పాడారు. అయితే లక్షల్లో అమ్ముడుపోయాయి కాబట్టి ఇప్పటికీ పాత సామాన్ల దుకాణాల్లో ఒకటి రెండు డాలర్లకే దొరుకుతాయి. వాటి మీద డబ్బు రాదు.

వినిపించడం సంగతి. ఇంట్లో నలుగురినీ కూర్చోబెట్టి వినిపించండి, రికార్డునే ఎవరికైనా కానుకగా ఇవ్వండి, అడ్డు లేదు. ఇంటర్నెట్‌లో పెట్టడం వేరు. అమెరికాలో 2018లో వచ్చిన చట్టం ప్రకారం 1957 నుంచి 1972 ఫిబ్రవరి 15కు ముందు వరకు చేసిన రికార్డింగులకు 2067 ఫిబ్రవరి 15 దాకా రక్షణ ఉంది. పాట రెండువందల ఏళ్లనాటిదైనా, దాన్ని పాడి రికార్డు చేసిన ఆ గొంతుకు హక్కు వేరుగా ఉంటుంది. అదే చట్టంలో ఒక దారి కూడా ఉంది. 1972కు ముందు నాటి రికార్డింగు ఇప్పుడు ఎక్కడా అమ్మకంలో లేదని శ్రద్ధగా వెతికి నిర్ధారించుకుని, డబ్బు ఆశించకుండా వినిపిస్తామని అక్కడి కాపీరైట్ కార్యాలయానికి నోటీసు ఇవ్వాలి. 90 రోజుల్లో హక్కుదారు వద్దనకపోతే వినిపించవచ్చు. పాట రాసినవారి హక్కు ఇంకా మిగిలి ఉంటే దానికి మళ్లీ వేరే అనుమతి కావాలి.

ఈ శ్రమ టైర్ల రికార్డుల కోసం పడకండి. ఆ తెల్ల అట్ట కోసం పడండి. ఆ రోజుల్లో చర్చిలూ బడులూ సొంత డబ్బుతో కొద్ది ప్రతులు ముద్రించుకుని తమవాళ్లకే అమ్ముకునేవి. మీ చేతిలో ఉన్నదే చివరి ప్రతి కావచ్చు. మధ్యలో అంటించిన కాగితం చుట్టూ గాడి లేని నున్నటి అంచు ఉంటుంది. దీపం ఏటవాలుగా పట్టి చూస్తే అక్కడ గీసిన అంకెలు కనిపిస్తాయి. ఆర్‌సీఏ అనే రికార్డుల కంపెనీ ముద్రించినదైతే మొదటి అక్షరమే సంవత్సరం చెబుతుంది: ఆర్ అయితే 1964, ఎస్ అయితే 1965.

ఎనిమిదేళ్ల క్రితం క్లీవ్‌లాండ్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు ఇలాంటిదే ఒకటి కొన్నాను. మూడో పాటలో ఎవరో పిల్లవాడు దగ్గాడు. కంప్యూటర్లో చిటపటలు తుడుస్తూ ఆ దగ్గునూ తుడిచేశాను. ఆ చర్చికి ఫోను చేస్తే, అప్పట్లో ఆ బృందంలో పాడిన ఒకావిడ దొరికారు. పాట వినిపించాను. రెండు నిమిషాలు విని, "మా తమ్ముడి దగ్గు ఏదీ?" అని అడిగారు. ఆ తమ్ముడు ఇప్పుడు బతికి లేడట. అదృష్టవశాత్తూ, తుడవకముందు దాచిన ప్రతి నా దగ్గర ఉంది. అందుకే చెబుతున్నాను, సూది నుంచి వచ్చిన ధ్వనిని వచ్చినట్టే ఒక ప్రతి తీసి పక్కన పెట్టండి. శుభ్రం చేసేది రెండో ప్రతిలో. అట్ట మీది ప్రతి అక్షరాన్నీ ఫొటో తీయండి. పొరుగింటి ఆవిడను అడగండి, పాడినవాళ్లలో ఆమె కూడా ఉన్నారేమో!

ప్రశ్న: మా తాతగారి పెట్టెలో తెలుగు క్రిస్మస్ కీర్తనల 78 వేగం (నిమిషానికి 78 సార్లు తిరిగే) రికార్డు ఒకటి దొరికింది. బూజు పట్టింది. స్పిరిట్‌తో తుడవమని ఒకరు చెప్పారు. తుడవవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వద్దు బాబూ, దయచేసి వద్దు! ఆ కాలపు రికార్డుల్లో ఉన్నది లక్క. ఏటికొప్పాక బొమ్మలకు పూసే లక్కే. స్పిరిట్ తగిలితే కరిగి, పాటంతా గుడ్డకు అంటుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి పిండిన మెత్తటి గుడ్డతో గాడి వెంబడే తుడవండి. కాగితం తడవకూడదు. ఎల్పీ సూదితో వినకండి. దాని మొన అంగుళంలో వెయ్యో వంతు; 78 గాడికి సుమారు మూడింతల మొన కావాలి. సన్న సూది గాడి అడుగున దొర్లుతూ దుమ్ము చప్పుడే వినిపిస్తుంది. మన దేశంలో రికార్డింగుకు రక్షణ, విడుదలైన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్లు. కాగితం మీది నంబరు, గాయకుల పేర్లు రాసి పంపండి. ఈలోగా రికార్డును పడుకోబెట్టకుండా నిలబెట్టి ఉంచండి.