మేడ మీద లెక్కలు: పాఠకుల ప్రశ్నలకు లెక్కల మాస్టారి జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. భిన్నాలు, సమీకరణాలు చకచకా చేసేస్తుంది. అదే లెక్కను మాటల్లో ఇస్తే టెన్షన్ పడిపోయి, కూడాలా తీసెయ్యాలా అని నా మొహం చూస్తుంది. రాత్రయితే మాత్రం మేడ మీద చుక్కలు చూస్తూ గంటసేపైనా కూర్చుంటుంది. ఆ ఇష్టాన్ని లెక్కలకు వాడుకునే దారి ఉందా?
– ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఉందమ్మా. ఒక్కటే షరతు. చుక్కలు చూస్తున్న పిల్లను లేపి వర్క్‌బుక్ ముందు కూర్చోబెట్టకండి, ఉన్న ఇష్టం కాస్తా పోతుంది.

మీ అమ్మాయికి లెక్క రాక కాదు. రెండు గొట్టాలు తొట్టిని నింపుతుంటే మూడోది ఖాళీ చేస్తుందనే లెక్క ఉంది చూశారూ, ఆ తొట్టి ఇప్పుడు ఎవరింట్లో ఉంది? అపార్ట్‌మెంట్ పిల్లకు మోటారు స్విచ్ తెలుసు, అంతే. చూడని దాని గురించి చదివితే అంకెలు తప్ప ఇంకేం కనబడవు. ఇక వాటిని కూడాలో గుణించాలో ఊహించుకోవడమే. ఆకాశం దగ్గర ఆ బాధ లేదు, అంకెల్ని తనే కొలుచుకుంటుంది.

కొలవడానికి చెయ్యి చాలు. చెయ్యి బాగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. మధ్య మూడు వేళ్లు కలిపితే 5, చిటికెన వేలు 1. పిల్లల పిడికిలి చిన్నది కదా అంటారేమో. వాళ్ల చెయ్యి పొడవూ తక్కువే, సరిపోతుంది. ఉత్తరాన బిల్డింగులు అడ్డం లేకపోతే ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తున ఉందో చూడమనండి. నేలా ఆకాశం కలిసే చోటు నుంచి ఒక పిడికిలి, మూడు వేళ్లు, ఒక చిటికెన వేలు, ఇంకొంచెం. విజయవాడ అక్షాంశం 16.5 డిగ్రీలు! సోషల్ పుస్తకంలో బట్టీ పట్టిన అంకె మీ మేడ మీదే దొరికింది.

ఇప్పుడు లెక్క ఇవ్వండి. ఢిల్లీలో ధ్రువ నక్షత్రం ఇక్కడికంటే 12 డిగ్రీలు ఎత్తున కనిపిస్తుంది. డిగ్రీకి నేల మీద 111 కిలోమీటర్లు. మరి ఢిల్లీ మనకు ఎంత ఉత్తరాన ఉంది? 1,332 అని వస్తుంది. రైలు టికెట్ మీద వేసే దూరం అంతకంటే చాలా ఎక్కువ. ఎందుకో ఆ పిల్లే చెప్పాలి, మీరు నోరు విప్పొద్దు.

నాకు అన్నిటికంటే ఇష్టం చంద్రుడి లెక్క. చుక్కల మధ్య ఒక చుట్టు తిరగడానికి చంద్రుడికి 27 రోజుల పైచిలుకు పడుతుంది. పంచాంగంలో నక్షత్రాలు 27 ఉన్నది అందుకే. 360ని 27తో భాగిస్తే రోజుకు 13 డిగ్రీల చిల్లర. ఈ రాత్రి రోహిణి పక్కన కనిపించిన చంద్రుడు రేపు అదే టైముకు పిడికిలి, మూడు వేళ్ల కన్నా కాస్త తక్కువ దూరం తూర్పుకు జరిగి ఉంటాడు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు. అయితే రేపు చంద్రోదయం ఎంత ఆలస్యం? పదమూడు నాలుగులు 52 అంటుంది. నెల మొత్తం చంద్రోదయాలు చూస్తే సగటు తేడా 50. ఆ రెండు నిమిషాలు ఏమయ్యాయని అడిగిందంటే మీ పని సగం అయిపోయినట్టే. సూర్యుడు కూడా చుక్కల మధ్య రోజుకు దాదాపు ఒక డిగ్రీ తూర్పుకు జరుగుతాడు. మన గడియారం నడిచేది సూర్యుణ్ణి బట్టి కాబట్టి 4 తీసెయ్యాలి. 48 మిగిలింది. ఇప్పుడు రెండు తక్కువ! ఆ 48 నిమిషాలూ చంద్రుడు ఆగి ఉండడుగా. గంటకు అర డిగ్రీ చొప్పున ఇంకాస్త ముందుకు పోతాడు, అతన్ని అందుకోవడానికి భూమికి మరో రెండు నిమిషాలు కావాలి. ఇదంతా సగటు లెక్క. ఏదో ఒక్క రోజు చూసి, పది నిమిషాలు తేడా వచ్చిందని నాకు ఉత్తరం రాయొద్దు.

ఇంకో మాట. లెక్కను మీ అమ్మాయి తయారు చెయ్యాలి, మీరు చెయ్యాలి. కావలసిన అంకె ఒకటి ఇవ్వడం తను మరిచిపోతే మీరు మధ్యలో ఆగిపోతారు. లెక్కలో ఏమిచ్చారు, ఏం అడిగారు అన్న తేడా అప్పుడు తనకే తెలుస్తుంది. మాటల్లో లెక్కలు మనకేం కొత్త కాదు, పాతకాలపు తెలుగు కవి పావులూరి మల్లన పద్యాల్లోనే చెప్పాడు. మీ అమ్మాయి మామూలు వచనంలో రాస్తే చాలు.

ప్రశ్న: మాస్టారూ, ఏప్రిల్ మధ్యలో మీటరు కర్ర పాతి నీడ కొలిచాను. సరిగ్గా 12 గంటలకు కాదు, ఇంకో ఎనిమిది నిమిషాలకు నీడ బాగా చిన్నదైంది. నా కర్ర వంకరా?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, శ్యామలానగర్, గుంటూరు

జవాబు: కర్ర బాగానే ఉంది నాయనా. మన దేశం టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది. గుంటూరు ఉన్నది సుమారు 80.5 దగ్గర. రెండు డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాలు. నీ ఎనిమిది వచ్చేసింది. అయితే ఏప్రిల్ మధ్యలో కొలిచావు కాబట్టి ఇంత శుభ్రంగా కుదిరింది. భూమి ఇరుసు వంపు వల్ల, కక్ష్య సరిగ్గా గుండ్రంగా లేకపోవడం వల్ల ఫిబ్రవరి రెండో వారంలో ఇది 12.22 దాకా పోతుంది, నవంబర్ మొదట్లో 11.52కే అయిపోతుంది. కర్ర పీకెయ్యకు. డిసెంబర్ 21న నీడ 83 సెంటీమీటర్లు రావాలి. మే 5 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 7 ప్రాంతంలో అసలు ఉండదు. జూన్ 21న 12 సెంటీమీటర్లు, అదీ దక్షిణం వైపు! ఎందుకో బొమ్మ గీసి పంపు.

ప్రశ్న: ట్యూషన్ చెబుతుంటాను. ఈ లైట్ల వెలుతురులో చుక్కలే కనపడవు, ఇక లెక్కలెక్కడ మాస్టారూ?
– ఒక టీచర్, భవానీపురం, విజయవాడ

జవాబు: చంద్రుడు కనపడతాడు కదండీ. చాచిన చేత్తో చంద్రుణ్ణి కప్పడానికి రూపాయి బిళ్ల కావాలా, శనగ గింజా, మినప గింజా అని అడగండి. చాలామంది రూపాయి అంటారు. మినప గింజ చాలు! చంద్రుడి దూరం వాడి వెడల్పుకు సుమారు 110 రెట్లు. అర సెంటీమీటరు గింజ 55 సెంటీమీటర్ల దూరంలో ఉంటే కప్పేస్తుంది. దూరం 3,84,400 కిలోమీటర్లని చెప్పి వెడల్పు వాళ్లనే కట్టమనండి.

భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కూడా ఏ లైట్లకూ జంకదు. దాదాపు గంటన్నరకు ఒక చుట్టు. సాయంత్రం 7.10కి నెత్తి మీదుగా పోతే మళ్లీ ఎప్పుడు? అందరూ 8.40 అంటారు. ఆ టైముకు పైకి చూస్తే ఏమీ ఉండదు. ఈలోగా భూమి మనల్ని 22.5 డిగ్రీలు తూర్పుకు తీసుకుపోయింది, అంటే ఇక్కడ సుమారు 2,400 కిలోమీటర్లు. పైగా అప్పటికి అది భూమి నీడలోకి కూడా వెళ్లిపోయి ఉంటుంది. ఈ లెక్క ఇచ్చే రోజు పిల్లల్ని మేడ మీదికి తీసుకెళ్తారు కాబట్టి, పిట్టగోడ ఎత్తు ముందు మీరు కొలుచుకోండి.