1965 లింకన్ కాంటినెంటల్: కొనండి, కానీ పెట్టుబడుల లెక్కలో రాయకండి

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ప్లేనోలో ఉంటాం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, పన్నులో 24 శాతం బ్రాకెట్. నెల ఖర్చు 7,500 డాలర్లు. సేవింగ్స్‌లో 48,000 ఉన్నాయి. మార్చిలో బోనస్ వస్తుంది, పన్ను పోను 18,000 దాకా చేతికందుతుంది. పెద్దమ్మాయి ఐదేళ్లలో కాలేజీకి వెళ్తుంది, 529 ఖాతాలో నెలకు 400 వేస్తున్నాం. దగ్గర్లో ఒకాయన 1965 లింకన్ కాంటినెంటల్ నాలుగు డోర్ల సెడాన్‌ను 26,000కు అమ్ముతున్నారు. పదేళ్లలో ధర రెట్టింపవుతుందంటున్నారు. సేవింగ్స్ నుంచి కొంత, 401కె (ఉద్యోగం ద్వారా కట్టుకునే రిటైర్‌మెంట్ ఖాతా) మీద లోన్ కొంత తీసి కొందామనుకుంటున్నాను. రిటైరయ్యాక గుంటూరు తీసుకెళ్లాలని కోరిక. మా ఆవిడ వద్దంటోంది. మీరేమంటారు?

జవాబు: కారు కొనండి. అయితే ఈ ఏడాది వద్దు, అప్పు చేసి వద్దు, రిటైర్‌మెంట్ లెక్కలో కలుపుకోవడం అసలే వద్దు. మీ ఆవిడకు నచ్చనిది కారా, డబ్బు తెచ్చే దారా అని ఒకసారి కూర్చుని అడగండి. మీ అంకెలు చూస్తే నాకైతే రెండోదే అనిపిస్తోంది, ఆ మాటలో న్యాయం ఉంది.

ముందు ఆ రెట్టింపు సంగతి తేలుద్దాం. 1961 మోడల్ కోసం ఫోర్డ్ డిజైనర్ ఎల్వుడ్ ఎంగెల్ గీసిన ఈ రూపం అమెరికన్ కార్లలో అందమైనవాటిలో ఒకటని నేనూ ఒప్పుకుంటాను. వెనక తలుపులు వెనక్కి తెరుచుకోవడం, రెండు హ్యాండిళ్లు మధ్యలో పక్కపక్కనే ఉండటం, ఒంటినిండా అనవసరమైన నగిషీ లేకపోవడం, కలెక్టర్లు ఇష్టపడేది ఇదే. కానీ ధర విషయంలో కన్వర్టిబుల్‌దీ (పైకప్పు తెరుచుకునేది) సెడాన్‌దీ ఒకే దారి కాదు. 1965లో మిషిగన్‌లోని విక్సమ్ ఫ్యాక్టరీ నుంచి 36,824 సెడాన్లు వస్తే, కన్వర్టిబుళ్లు 3,356 మాత్రమే. పదకొండింటికి ఒకటన్నమాట. అందుకే అదే కండిషన్‌లో కన్వర్టిబుల్ సెడాన్‌కు రెండింతలు, అంతకు మించి కూడా పలుకుతుంది. డాలస్‌లో అమ్మేవాళ్లు, ఆ ఊళ్లోనే లింకన్ కారులో హత్యకు గురైన అధ్యక్షుడు కెనడీ పేరు తప్పకుండా ఎత్తుతారు. ఆయన ఎక్కింది 1961 కన్వర్టిబుల్‌ను మార్చి కట్టిన ప్రత్యేక వాహనం, ఇప్పుడది డియర్‌బార్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. ఆ చరిత్రకు మీ సెడాన్ ధరలో వాటా ఇవ్వక్కర్లేదు.

సరే, అమ్మేవాయన మాటే నిజమైందనుకుందాం. కారు 26,000. టెక్సస్ సేల్స్ ట్యాక్స్ 6.25 శాతం, అంటే 1,625. తనిఖీకి, ట్రక్కు మీద ఇంటికి తెచ్చుకోవడానికి 900. చాలాకాలం కదలని బండిని రోడ్డెక్కించడానికి బ్రేకులు, టైర్లు, రబ్బరు గొట్టాలు, బ్యాటరీ కలిపి నా అంచనా 4,000. మొదటి ఏడాదికే 32,525 అయింది. ఆపైన ఇన్సూరెన్స్, ఆయిలు, చిన్నా పెద్దా రిపేర్లకు ఏడాదికి 2,400 వేసుకోండి. పదేళ్లకు 24,000. మొత్తం 56,525. పదేళ్ల తర్వాత 52,000కు అమ్మి, అమ్మకం ఖర్చు 5 శాతం తీసేస్తే చేతికి 49,400 వస్తాయి. ధర రెట్టింపైనా 7,125 పోయినట్టే.

అక్కడితో ఆగదు. కలెక్టర్ వస్తువు మీద దీర్ఘకాలిక లాభానికి ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 28 శాతం, షేర్లకున్న 15 శాతం దీనికి వర్తించదు. మీ బ్రాకెట్ 24 కాబట్టి మీకు 24 పడుతుంది. కొన్న ధర, సేల్స్ ట్యాక్స్ కలిపి అసలు 27,625. మామూలు రిపేర్లు ఆ అసలులో కలవవు కనుక కాగితం మీద లాభం 21,775గా తేలుతుంది. పన్ను దాదాపు 5,226. జేబులోంచి పోయినా కాగితం మీద లాభమే, పన్ను కట్టాల్సిందే. తిరగబడి నష్టానికి అమ్మారనుకోండి, సొంత వాడకం వస్తువు కనుక ఆ నష్టాన్ని పన్నులో చూపించుకోనివ్వరు. ఇంజిన్ మొత్తం విప్పి కట్టించడం, బాడీ పని, పెయింటు లాంటి పెద్ద పనుల బిల్లులు మాత్రం భద్రంగా దాచండి. అవి అసలులో కలిసే అవకాశం ఉంది, అమ్మేటప్పుడు ధర కూడా నిలబెడతాయి.

ఇక డబ్బు ఎక్కడిదన్నది. నెలకు 7,500 ఖర్చున్న ఇంటికి ఆరు నెలల అత్యవసర నిధి 45,000. మీ దగ్గరున్నది 48,000. అంటే కారుకు మీరు తీయగలిగింది 3,000, అంతే. 401కె లోన్ ఐదేళ్లలో తీర్చాలి. మధ్యలో ఉద్యోగం పోతే, మిగిలిన బాకీని ఆ ఏటి పన్ను రిటర్న్ గడువులోగా కట్టాలి. కట్టలేకపోతే దాన్ని డబ్బు తీసుకున్నట్టే లెక్కేసి ఆదాయపు పన్ను, 59½ నిండనివాళ్లకు పైన 10 శాతం పెనాల్టీ వేస్తారు. లేఆఫ్ కాగితం, లోన్ బాకీ ఒకే నెలలో ఇంటికొచ్చే పరిస్థితి తెచ్చుకోకండి. ఐఆర్ఏ (సొంతంగా తెరుచుకునే రిటైర్‌మెంట్ ఖాతా) డబ్బుతో కొనొచ్చని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఐఆర్ఏ డబ్బు కలెక్టర్ వస్తువుల్లో పెడితే ఆ మొత్తం బయటికి తీసినట్టే లెక్క.

దారి ఇది. బ్యాంకులో విడిగా ఒక సేవింగ్స్ ఖాతా తెరిచి నెలకు 850 వేయండి. 18 నెలలకు 15,300. దానికి మార్చి బోనస్ 18,000 కలిస్తే 33,300. మొదటి ఏడాది ఖర్చు 32,525 అందులోనే సరిపోతుంది, 529లో వేసే 400 ఒక్క నెల కూడా ఆగదు. ఆగేపనైతే కారే ఆగాలి. ఏడాదికి 2,400 నిర్వహణ కొన్న తర్వాత కూడా నెలకు 200 చొప్పున అదే ఖాతాలోంచి రావాలి.

ఈ 18 నెలలు వృథా కావు. సెడాన్లు దొరక్కపోవడమన్నది లేదు, ఇది పోతే ఇంకోటి వస్తుంది. ఈలోగా బండిని చదవడం నేర్చుకోండి. ఇందులో డబ్బు మింగేది తుప్పు. ఈ కారుకు విడిగా చట్రం లేదు, బాడీయే చట్రం. కింది పెట్టె భాగాలు, తలుపుల కింది గుమ్మాలు, డిక్కీ నేల తుప్పు పట్టాయంటే బండి నడుమే వంగినట్టు. దాదాపు రెండున్నర టన్నుల బరువు వాటి మీదే నిలబడి ఉంటుంది. లిఫ్ట్ మీదికెక్కించి కింద టార్చి వేసి చూడందే బయానా ఇవ్వకండి. కింద కొత్తగా నల్లటి అండర్‌కోటింగ్ మెరుస్తుంటే సంతోషించకుండా దాని కిందేముందో గీకి చూడనిమ్మని అడగండి. గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని వెనక చక్రాల చుట్టూ, తలుపుల అడుగున జరపండి. అంటుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది.

తర్వాత ఒక పక్క రెండు తలుపులూ తెరిచి, నెమ్మదిగా మూయండి. మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పుండాలి. పైన ఇరుకై కింద వెడల్పయితే, లేక వెనక తలుపును చేత్తో ఎత్తితేగానీ పడకపోతే, బందు అరిగి ఉండాలి లేదా గుమ్మం కుంగి ఉండాలి. బందైతే చిన్న ఖర్చు. గుమ్మమైతే బేరం అక్కడే ఆపండి.

బ్రేకులు: 1965లోనే ఈ కారుకు ముందు డిస్కులొచ్చాయి, మంచిదే. కానీ మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకులకు ఆయిల్ ఒత్తిడి పంపేది) ఒకే గది. ఎక్కడ లీకైనా నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోతుంది. రెండు గదులది 1967లో వచ్చింది. కుటుంబంతో తిరుగుతారు కనుక రెండు గదులదానికి మార్పించుకోండి, పాతదాన్ని డబ్బాలో దాచండి. తర్వాత కొనేవాడు అడుగుతాడు. వైపర్లకు కరెంటు మోటారుండదు, పవర్ స్టీరింగ్ పంపు ఆయిల్ ఒత్తిడితో తిరుగుతాయి. వాటిని వేసి చూసి, ఇంజిన్ వెనక గోడ దగ్గర తడి ఉందేమో వేలితో తడమండి. తలుపుల లాకులు వాక్యూమ్‌తో, అంటే ఇంజిన్ గాలిని పీల్చే శక్తితో పనిచేస్తాయి. ఇంజిన్ ఆపాక కూడా ఒకటి రెండుసార్లు పడాలి. అసలు పడకపోతే ఎక్కడో గొట్టం చిట్లింది, అది వెతకడానికే మెకానిక్ గంటలు పడతాయి. టైరు మీద చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. పదేళ్లు దాటితే గీతలెంత లోతుగా ఉన్నా మార్చాల్సిందే. నేటి పెట్రోలులో కలిసే ఇథనాల్ పాత రబ్బరును పాడుచేస్తుంది కాబట్టి పెట్రోలు గొట్టాలన్నీ కొత్తవి వేయించండి.

బండి మీద ఫ్యాక్టరీ వేసిన గుర్తింపు నంబరు 5వై82ఎన్‌తో మొదలవ్వాలి. 5 అంటే 1965, వై విక్సమ్ ఫ్యాక్టరీ, 82 నాలుగు డోర్ల సెడాన్, ఎన్ 430 క్యూబిక్ అంగుళాల వీ8. టైటిల్ (యాజమాన్య) కాగితం మీద వేరే ఉంటే ఎంత చవకైనా వెనక్కి రండి. ధర మాట్లాడేటప్పుడు పాత కార్ల ధరలిచ్చే హేగర్టీ పట్టిక చూడండి, అందులో కండిషన్ 1 (అత్యుత్తమం) నుంచి 4 దాకా ఉంటుంది. అమ్మేవాళ్లు సాధారణంగా 3లో ఉన్న బండికి 2 ధర చెబుతారు. 4లో ఉన్నది చవగ్గా కొని బాగుచేయించుకుందామన్న ఆశ పెట్టుకోకండి. ఈ కారు క్రోమ్ పని, లోపలి తోలు పని చేయించేలోపు మంచి బండి ధర దాటిపోతుంది.

ఇన్సూరెన్స్ విషయంలో ఒక్క మాట: 'అగ్రీడ్ వాల్యూ' పాలసీ, అంటే ముందే ఒప్పుకున్న ధర ఇచ్చేది తీసుకోండి. 'స్టేటెడ్ వాల్యూ' అని పేరుంటే సంతకం పెట్టకండి, అందులో కంపెనీ నష్టం రోజున తక్కువ లెక్కగట్టొచ్చు. గ్యారేజీ తప్పనిసరి అంటారు, ఉత్తర టెక్సస్ వడగళ్లకు అది మీకూ అవసరమే. బండి పొడవు 18 అడుగులు. బయానాకు ముందు టేపు పట్టుకుని మీ గ్యారేజీ కొలవండి, నీళ్ల హీటరూ అరలూ మినహాయించి.

గుంటూరు సంగతి. 50 ఏళ్లు దాటిన బండికి ఇండియాలో 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. కొత్తదానికి రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల చెల్లుబాటు, రోజూ తిప్పడానికి అనుమతి లేదు. అసలు ఖర్చు రుసుములో లేదు. ఓడ కిరాయి, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కలిస్తే బండి ధరను దాటే వీలుంది. స్టీరింగ్ ఎడమవైపు కావడం మరో చిక్కు. ఈ పద్దును ఇప్పటి బడ్జెట్‌లోకి తేకండి. రిటైర్‌మెంట్‌కు రెండేళ్ల ముందు అప్పటి దిగుమతి నిబంధనలు చూసి, ఆ డబ్బు విడిగా ఉంటేనే ఆలోచించండి.