సగం అంటే ఎవరిలో సగం?

తిరుపతి

అమ్మాయీ,

దవడ సిస్టుల మీద, అంటే దవడ ఎముకలో నీరు చేరి పెరిగే తిత్తుల మీద, నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష హాయిగా ఉంది. కానీ మొదటి పేరాలోనే "సగం మందికి రాడిక్యులర్ సిస్ట్ వస్తుంది" అని రాశావు. అది చదివి చంద్రగిరిలో ఏ ఇల్లాలో టెన్షన్‌తో అద్దం ముందు నిలబడి దవడ తడుముకుంటుంది. దవడలో వచ్చే సిస్టులన్నీ లెక్కేస్తే అందులో సగమో, ఇంకాస్త ఎక్కువో రాడిక్యులర్ సిస్టులు. జనంలో సగం కాదు. శాతం రాసిన ప్రతిచోటా అది ఎవరిలోనో అదే వాక్యంలో చెప్పెయ్యి.

ఇంకో మెలిక ఉంది. ఆ లెక్కలు ఎక్కువగా ల్యాబుకు బయాప్సీ కోసం వచ్చిన ముక్కల్లోంచి తీసినవి. రాడిక్యులర్ సిస్ట్ పుచ్చో దెబ్బ తగిలో చచ్చిపోయిన పంటి వేరు కొసన పుడుతుంది. చిన్నదైతే చాలాసార్లు రూట్ కెనాల్‌తోనే తగ్గిపోతుంది. పన్ను పీకేసినా, వేరుకు అంటుకొచ్చిన ముక్కను అందరూ పరీక్షకు పంపరు. అవేవీ లెక్కకెక్కవు. పెద్దాసుపత్రి లెక్క, వీధి చివర పళ్ళ డాక్టరు రోజూ చూసేది ఒకలా ఉండకపోవడానికి ఇదొక కారణం. నీ వ్యాసానికి అసలు బలం ఇక్కడే ఉంది, తొందరపడకుండా రాయి.

రెండోది డెంటిజెరస్ సిస్ట్, దవడ సిస్టులన్నిట్లో సుమారు ఐదింట ఒక వంతు. దీనికి నిర్వచనం కన్నా ఓపీజీలో, అంటే రెండు దవడలూ ఒకేసారి పడే ఎక్స్‌రేలో, కనిపించేదే రాయి: కింది దవడలో బయటికి రాకుండా పడుకున్న జ్ఞానదంతం, దాని తల చుట్టూ నల్లటి గుండ్రటి నీడ, నీడ అంచున సన్నటి తెల్ల గీత, ఆ గీత వచ్చి పంటి మెడ దగ్గర కలుస్తుంది.

మూడో రకమైన కెరటోసిస్ట్‌ను "అరుదు" అని ఒక్క మాటతో వదిలేశావు, అది నాకు నచ్చలేదు. దవడ సిస్టుల్లో ఇంచుమించు పదింట ఒకటి అదే, పైగా తీసేసినా మళ్ళీ వచ్చే రకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో దాన్ని కణితుల్లో చేర్చి, 2017లో తిరిగి సిస్టుల్లోకి తెచ్చింది. ఆ మధ్య కాలపు లెక్కల్లో కొన్నిటిలో అది ఉండదు కనక, మిగతావాటి శాతాలు పెరిగినట్టు కనిపిస్తాయి. రెండు లెక్కలు పోల్చేముందు ఏ వర్గీకరణ ప్రకారం వేశారో చూడు.

పంటితో సంబంధం లేని వాటిలో ఎక్కువగా కనిపించేది అంగిలి ముందు భాగంలో వచ్చే నాసోపాలటైన్ సిస్ట్. దానికి రెండు వాక్యాలు చాలు.

ఇవి చాలావరకు నొప్పి లేకుండా ఏళ్ళ తరబడి పెరుగుతాయి, ఎముకను లోపల్నుంచి పలచన చేస్తాయి. ఎముక అనగానే పుత్తూరు కట్టు తలుచుకునే ప్రాంతం మనది. దవడ ఉబ్బితే ముందు ఎక్స్‌రే తీయించుకోమని సూటిగా రాయి. అచ్చుకిచ్చే ముందు ఓరల్ పాథాలజీ డాక్టరుకు చూపించి, మార్చిన ప్రతి నాకూ పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు