గ్రీన్‌కార్డ్ వచ్చింది, ఇక పిస్టల్ కొందామనుకునే మనవాళ్లకి

"అన్నా, ఐదొందల డాలర్ల లోపు చొక్కా కింద కనపడకుండా పెట్టుకునే పిస్టల్ ఏది బాగుంటుంది?" డాలస్ చుట్టుపక్కలకి కొత్తగా వచ్చినవాళ్లు ఈ మాట తరచుగా అడుగుతుంటారు. నేను మోడల్ పేరు చెప్పను. ముందు ఏ స్టేటస్ మీద ఉన్నావని అడుగుతాను. ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, బి-2, ఏ నాన్ ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా అయినా సరే, ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు, చివరికి ఒక్క తూటా కూడా ఉండకూడదు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ పెట్టుకుని తిరగొచ్చు కదా అంటారు. నిజమే, కానీ అది చట్టప్రకారం తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్నవాళ్లకి. మీకు ఆ అర్హతే లేదు.

వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉందని ఎవరో ఒకరు చెబుతారు, అదీ అబద్ధం కాదు. రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉంటే చట్టం ఒప్పుకుంటుంది. ఆ లైసెన్స్ గడువు అయిపోయిన మర్నాడు మీ ఇంట్లో ఉన్న పిస్టల్ నేరం అయిపోతుంది, 2022లో మారిన చట్టం ప్రకారం శిక్ష 15 ఏళ్ల దాకా ఉంది. తుపాకీ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే చాలు. ఇన్నేళ్లు ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డ్ క్యూలో మన వంతు) కోసం కళ్లు కాయలు కాచేలా చూసి దాన్ని ఇలా పణంగా పెట్టడం తెలివైన పని కాదు. ఐ-140 (గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయినంత మాత్రాన ఏమీ మారదు. ఈఏడీ (వర్క్ పర్మిట్ కార్డు) మీద ఉన్నవాళ్లు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా గన్ షాపు గడప తొక్కకండి. సరదాకి ఫ్రెండ్స్‌తో షూటింగ్ రేంజ్‌కి వెళ్లి అద్దె గన్ పేల్చడం కూడా ఇందులోకే వస్తుంది. 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రెహైఫ్ కేసు మొదలైంది అలాగే: స్టూడెంట్ వీసా మీద వచ్చి, చదువు ఆగిపోయి స్టేటస్ పోయిన కుర్రాడు ఫ్లోరిడాలో ఒక రేంజ్‌కి వెళ్లి పేల్చాడు.

గ్యాస్ స్టేషన్లో పని చేసే పిల్లలకి ఒక మాట. ఓనర్ కౌంటర్ కింద పెట్టిన గన్ మీద చెయ్యి వెయ్యొద్దు. దొంగ వస్తే గల్లాపెట్టెలో ఉన్నది ఇచ్చి పంపండి, ఆ డబ్బు మీది కాదు, ప్రాణం మీది.

సరే, గ్రీన్‌కార్డ్ వచ్చింది లేదా సిటిజన్ అయ్యారు. ఇప్పుడు మాట్లాడుకుందాం. మనవాళ్లు చేసేదేంటంటే బడ్జెట్ మొత్తం పిస్టల్ మీదే పెట్టేస్తారు. ఆరువందలు పోసి గన్ కొని, పదిహేను డాలర్ల గుడ్డ హోల్‌స్టర్‌లో (పిస్టల్ ఒరలో) పెట్టి, రెండు డబ్బాల తూటాలు కాల్చి, తర్వాత దాన్ని బీరువాలో పడేస్తారు. మీ దగ్గర మొత్తం తొమ్మిదొందలు ఉన్నాయనుకోండి, అందులో పిస్టల్‌కి నాలుగొందలు మించనివ్వకండి. మిగతాది దేనికో చెప్తాను. ప్లాస్టిక్ లాగా గట్టిగా ఉండే కైడెక్స్ హోల్‌స్టర్ అరవై డెబ్భై అవుతుంది, అది ట్రిగ్గర్‌ని పూర్తిగా మూసేయాలి, పిస్టల్ తీశాక కూడా దాని నోరు ముడుచుకోకూడదు. దాని బరువుకి కిందకి జారిపోని బెల్ట్ ఒకటి. ఇంకో మ్యాగజైన్, అంటే తూటాలు నింపే డబ్బీ. చిన్న లాక్ బాక్స్‌కి వంద. మిగిలినదంతా తూటాలకే. మామూలు 9 ఎంఎం ప్రాక్టీస్ రౌండ్ (తూటా) పాతిక ముప్ఫై సెంట్ల దగ్గర దొరుకుతుంది, ఆత్మరక్షణకి వాడే హాలో పాయింట్ (మొనలో గుంట ఉన్న తూటా) మాత్రం ఒక్కోటి డాలర్ అటూ ఇటూ.

క్యాలిబర్ (తూటా సైజు) గురించి పెద్దగా కొట్టుకోనక్కర్లేదు, 9 ఎంఎం తీసుకోండి. చవక, ఎక్కడైనా దొరుకుతుంది. .380 చిన్నది కదా, తేలికగా ఉంటుందనుకుంటారు గానీ, రూగర్ ఎల్‌సీపీ లాంటి అరచేతిలో ఇమిడేంత పిస్టల్ పేలిస్తే చెయ్యి మండుతుంది, మండితే ప్రాక్టీస్ మానేస్తారు. పిస్టల్ ఎంత చిన్నదైతే గురి అంత కష్టం, ఈ సంగతి షాపువాడు చెప్పడు.

మోడళ్లకి వస్తే, నాలుగొందల దగ్గర నా మొదటి ఓటు స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ప్లస్‌కి. 2021లో వచ్చింది, పలచగా ఉంటుంది, 10 రౌండ్ల మ్యాగజైన్, 13 రౌండ్ల మ్యాగజైన్ రెండూ ఉన్నాయి, ఖాళీగా 20 ఔన్సుల పైన, అంటే అర కేజీ పైచిలుకు. ఆఫర్లు వచ్చినప్పుడు ఇంకాస్త తగ్గుతుంది. రూగర్ మాక్స్-9 కూడా ఆ ధరలోనే, ఒక్కోసారి ఇంకా తక్కువలో దొరుకుతుంది, ట్రిగ్గర్ నాకు అంత నచ్చదు, అది వేరే విషయం. ఇంకో వంద పెట్టగలిగితే గ్లాక్ 43ఎక్స్, సిగ్ పీ365. ఈ పీ365 వచ్చింది 2018లో, అంత చిన్న ఒంట్లో 10 రౌండ్లు పట్టించి మిగతా కంపెనీలన్నిటినీ పరుగులు పెట్టించింది. మరీ రెండొందల యాభై, మూడొందలే ఉంటే టారస్ జీ3సీ ఉంది. బ్రెజిల్ కంపెనీ. చాలామంది దగ్గర బాగానే పని చేస్తుంది, కానీ అది కొంటే మాత్రం నేను కింద చెప్పే పరీక్ష ఎగ్గొట్టకండి. సెకండ్ హ్యాండ్‌లో ఆ కంపెనీ పాత మిలీనియం పీటీ మోడళ్లు చవగ్గా కనపడతాయి, వాటి భద్రత మీద కోర్టు కేసు నడిచి సెటిల్‌మెంట్ అయింది, వాటి జోలికి పోకండి.

సెకండ్ హ్యాండ్ అన్నాను కాబట్టి: నా మటుకు నాకు తక్కువ బడ్జెట్‌కి అన్నిటికంటే మంచి బేరం పోలీసులు మార్చేసిన పాత గ్లాక్‌లు, స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీలు. పైన గీతలుంటాయి, లోపల పెద్దగా అరుగుదల ఉండదు, ఎందుకంటే అవి ఎక్కువ కాలం హోల్‌స్టర్‌లోనే గడిపేస్తాయి. గ్లాక్ 19 దొరికితే వదలకండి, కొంచెం లావు, అయినా 15 రౌండ్లు, స్పేర్ పార్టులకి ఏ లోటూ ఉండదు. పార్కింగ్ లాట్‌లో ముక్కూమొహం తెలియని వాడి దగ్గర మాత్రం కొనకండి. అమ్మేవాణ్ణి గన్ షాపుకి తీసుకెళ్తే కొంచెం ఫీజు తీసుకుని బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసి మీ పేరున మార్చేస్తారు, దొంగ సొమ్ము తంటా తప్పుతుంది.

షాపులో ఫారం 4473 అనే ఫెడరల్ కొనుగోలు ఫారం నింపాలి. గ్రీన్‌కార్డ్ వాళ్లు కార్డు, ప్రస్తుత అడ్రస్ ఉన్న డ్రైవింగ్ లైసెన్స్ రెండూ పట్టుకెళ్లండి. ఇల్లు మారి లైసెన్స్ మార్చుకోకపోతే అక్కడే ఆగిపోతారు. హెచ్-1బి ఫ్రెండ్ డబ్బులిచ్చి "నీ పేరు మీద కొనిపెట్టు బావా" అంటే ఒప్పుకోకండి, అసలు కొనేది నువ్వేనా అని ఆ ఫారంలో ప్రశ్న ఉంది, అక్కడ అబద్ధం రాస్తే జైలే.

ఆడవాళ్లు కొనుక్కునేటప్పుడు దయచేసి మొగుడు ఎంచకూడదు. స్లయిడ్ (పిస్టల్ మీద వెనక్కి జరిగే పైభాగం) వెనక్కి లాగగలుగుతున్నారో లేదో షాపులోనే చూసుకోవాలి. కష్టంగా ఉంటే షీల్డ్ ఈజీ అనే మోడల్ ఉంది, స్లయిడ్ సులువుగా కదులుతుంది. 2020లో మార్చి నుంచి అక్టోబరు మధ్య తయారైన 9 ఎంఎం ఈజీలకి హ్యామర్ రీకాల్ వచ్చింది కాబట్టి పాతది కొంటే సీరియల్ నంబర్ చూపించి అడగండి.

ఇక పరీక్ష. కొన్న వెంటనే నడుముకి పెట్టుకుని తిరగడం కాదు, మామూలు తూటాలు రెండొందలు, మీరు పెట్టుకోబోయే హాలో పాయింట్‌లు కనీసం ఒక డబ్బా, ఇరుక్కోకుండా పేలాలి. మ్యాగజైన్‌లకి అడుగున నంబర్లు వేసుకోండి, పిస్టల్ ఆగిపోతే చాలాసార్లు తప్పు మ్యాగజైన్‌దే, ఏదో తెలిసిపోతుంది. వీలైతే కొనకముందే రేంజ్‌లో అదే మోడల్ అద్దెకి తీసుకుని పేల్చి చూడండి, ఆ ఖర్చు దండగ కాదు.

శుభ్రం చేసేటప్పుడు ఇంకా జాగ్రత్త. గ్లాక్ విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కాలి. మ్యాగజైన్ తీసేశాం కదా అనుకుంటారు, ఛాంబర్లో, అంటే గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోట, ఒకటి మిగిలి ఉంటుంది. మ్యాగజైన్ తీయడం ముందు, ఛాంబర్ ఖాళీ చేయడం తర్వాత, ఆ వరస తిరగబడకూడదు. కంటితో చూడండి, వేలు పెట్టి చూడండి, మీరు శుభ్రం చేసే గదిలోనే తూటాలు ఉండకూడదు. 2024లో అట్లాంటా వైపు చదువుకుంటున్న మన తెలంగాణ కుర్రాడు కొత్త తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయిన వార్త మీరూ చదివే ఉంటారు.

లైసెన్స్ అక్కర్లేకపోయినా టెక్సాస్ ఎల్‌టీసీ (లైసెన్స్ టు క్యారీ) తీసుకోండి. నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు, 50 రౌండ్ల పరీక్ష, ప్రభుత్వానికి 40 డాలర్లు. బడి చుట్టూ వెయ్యి అడుగుల ఫెడరల్ నిబంధన నుంచి అది కాపాడుతుంది, ఓక్లహోమా, లూసియానా వెళ్లినా చెల్లుతుంది. కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇల్లినాయ్‌లలో చెల్లదు, అక్కడికి కార్లో వెళ్లేవాళ్లు ఇంట్లో పెట్టి వెళ్లండి. తలుపు మీద 30.06 అని బోర్డు ఉంటే లోపలికి తీసుకెళ్లకూడదు, గుడైనా సరే. పార్టీలో మందు ముట్టే రోజు అది లాకర్లోనే ఉండాలి.

ఇంట్లో పిల్లలుంటే లాక్ బాక్స్ గురించి చర్చే లేదు, మీ నిర్లక్ష్యం వల్ల పేలడానికి సిద్ధంగా ఉన్న తుపాకీ 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి అందితే టెక్సాస్‌లో మీ మీదే కేసు. అమ్మానాన్న విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు, ఎఫ్-1 మీద చెల్లెలు మీ ఇంట్లో ఉన్నప్పుడు, ఆ బాక్స్ కోడ్ వాళ్లకి తెలియకూడదు.

రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగ్ రేంజ్‌కే ఉంచండి. అదే బ్యాక్‌ప్యాక్‌తో ఇండియా వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు అక్కడి ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో అడుగున మిగిలిన ఒక్క తూటా బయటపడి ఆయుధాల చట్టం కింద ఇరుక్కున్న ఎన్నారైలు ఉన్నారు. మర్చిపోయానంటే అక్కడికక్కడ వదిలేస్తారన్న గ్యారంటీ లేదు, ఫ్లైట్ పోతుంది, కేసు తేలేదాకా తిరగాలి. ప్రయాణానికి వేరే బ్యాగ్ కొనుక్కోండి.