ఆ గోడకు గుండ్లుండవు తమ్ముడూ

తమ్ముడూ,

కథ అందింది. నాలుగో పేజీలో ఆగిపోయాను. 1943 ఏప్రిల్, ట్యునీషియా, జర్మన్ల టైగర్ 1 ట్యాంకు, అంతా బాగానే ఉంది, ఇంతలో ఫిరంగిలో గుండు పెట్టే నీ లోడర్ ‘టరెట్ గోడకున్న అరలోంచి గుండు లాగాడు’. టరెట్ అంటే ట్యాంకు పైన ఫిరంగితో పాటు తిరిగే గది, ఆ గోడకు గుండ్లుండవయ్యా!

టైగర్ 1లో 92 గుండ్లు పట్టేవి. అన్నీ హల్‌లోనే, అంటే టరెట్ కిందున్న ట్యాంకు ఒంట్లోనే, ఎక్కువ భాగం రెండు పక్కల అరల్లో, కొన్ని నేల అడుగున. దీని తర్వాత వచ్చిన కింగ్ టైగర్‌లోనైతే టరెట్ వెనక 22 పెట్టుకునే చోటుంది, నువ్వు ఆ బొమ్మ చూసి రాసినట్టున్నావు. టైగర్ 1 టరెట్ గోడకు వేలాడేవి వేరు: గ్యాస్ మాస్కు డబ్బాలు, మంచినీళ్ల సీసాలు, బయటికి చూసే అద్దాలు పగిలితే మార్చడానికి స్పేర్ గాజు దిమ్మలు, ఒక్కో దాంట్లో 150 తూటాల బెల్టు ఉన్న మెషిన్ గన్ సంచులు.

ఇదేం చాదస్తం అంటావేమో. నీ కథంతా అక్కడే ఉంది మరి! ఫిరంగి గురిపెట్టే గన్నర్, కమాండర్ ఫిరంగికి ఎడమ పక్క, లోడర్ ఒక్కడే కుడి పక్క. కాళ్ల కింది నేల టరెట్‌తో పాటు తిరుగుతుంది, గుండ్ల అరలు మాత్రం హల్‌తో పాటు ఉన్నచోటే ఉంటాయి. అంటే ఇందాక చేతికందిన అర, టరెట్ కాస్త తిరిగేసరికి ఇప్పుడు అందదు. సుమారు పదిహేను కిలోల గుండు కోసం వాడు వంగి, తడిమి, ఇంకో అర వెతుక్కోవాలి. నువ్వు రెండు పేజీలు రాసిన ‘అంతర్మథనం’ కన్నా ఆ తడుముకోవడంలోనే ఎక్కువ టెన్షన్ ఉంది. ఈ మధ్య అందరికీ ఈ అంతర్మథనం జబ్బు పట్టుకుంది, పాత్ర చేతులు కట్టుకుని కూర్చుని ఆలోచిస్తూనే ఉంటుంది.

నా మొదటి కథలో లారీ క్లీనర్ సీటు కింద నుంచి జాకీ తీస్తాడు. సూర్యాపేట దగ్గర టీ కొట్టులో ఒక డ్రైవర్‌కి చదివి వినిపిస్తే నవ్వాడు. ‘సీటు కింద మా దుప్పటి, పచ్చడి డబ్బా ఉంటాయి సార్, జాకీ అక్కడెందుకు పెడతాం’ అన్నాడు. ఆ రాత్రి వాళ్ల లారీలోనే విజయవాడ దాకా వెళ్లి కథంతా తిరగరాశాను. తీరా ఒక వారపత్రిక సంపాదకుడు ఆ దుప్పటి, డబ్బా ఉన్న పేరా మొత్తం ‘సామాన్ల చిట్టా’ అని కొట్టేసి అచ్చువేశాడు. ముప్పై ఏళ్లయింది, ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇంకోటి. ఇంజన్ ఆగిపోయాక టరెట్‌ని గిర్రున తిప్పేశావు. దాన్ని తిప్పే హైడ్రాలిక్ యంత్రానికి శక్తి ఇంజన్ నుంచే వస్తుంది. అది ఆగితే గన్నర్ చేతి చక్రం తిప్పుకుంటూ కూర్చోవాల్సిందే.

లోడర్ వేలి ఉంగరం ఇత్తడి కేసుకి తగిలి టక్కుమన్న వాక్యం ఉందే, అది మాత్రం ముట్టుకోకు. ఏ పత్రికకు పంపాలో తర్వాత చూద్దాం. ముందు ఒక కాగితం మీద టరెట్ గుండ్రంగా గీసి, ముగ్గురినీ కూర్చోబెట్టి, నీళ్ల సీసా ఎవరి భుజం వెనక ఉందో గుర్తు పెట్టు. ఆ కాగితం కూడా కథతో పాటు పంపు.